అంకె పక్కన మాట

పాత కంప్యూటరు తెరను గోనెసంచిలో చుట్టి రిక్షా ఎక్కించిన రోజు పొద్దున కూడా హనుమండ్లు ఎప్పటిలాగే ముందు గింజల గోదాములోకే వెళ్లాడు. మిల్లు పెద్ద గేటు అప్పుడే తెరిచారు. పెన్‌గంగ అవతలి నుంచి పత్తి తెచ్చిన బండ్లవాళ్లు మరాఠీలో ఎడ్లను అదిలిస్తున్నారు. అతను ఒక్కో కుప్పలోంచి థర్మామీటరును పైకి లాగి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అంకె చూసి, పలక మీద సుద్దతో రాసుకున్నాడు. కుప్ప దిగినప్పుడల్లా కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. చెవుల మీది వెంట్రుకలకు పత్తి నూగు పట్టి, ఉన్న వయసు కంటే ముసలివాడిలా కనిపించాడు.

పత్తి నుంచి విడదీసిన గింజలు నూనె మిల్లులకు పోయేదాకా ఈ గోదాముల్లోనే ఉంటాయి. తడి ఉన్న గింజ లోపల్లోపల కాగుతుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. పొగ కనిపించిందంటే కుప్ప చేతికి రాదు. ఏ కుప్పను తిరగవెయ్యాలో, దేనికి ఫ్యాను పెట్టించాలో చెప్పడమే హనుమండ్లు పని. అంకెలు అతను కొట్టేవాడు. నిన్నటి వేడి, గింజ తడి, కుప్ప ఎత్తు అన్నీ లెక్కగట్టి కంప్యూటరు అంకె పక్కన ఒక ఇంగ్లీషు మాట చూపించేది. ఒకటి బాగుందని, ఒకటి కనిపెట్టి ఉండమని, ఒకటి వెంటనే తిరగవెయ్యమని. వట్టి అంకెను చూసి ఆ సంగతి చెప్పలేం. ఒక కుప్పకు మంచిదైన వేడి, నిన్న చల్లగా ఉన్న ఇంకో కుప్పకు చెడ్డది.

అది మొన్నటి సంగతి. కంప్యూటరు గదిలో ఇప్పుడు కొత్త రంగుల తెర ఉంది. దాని ముందు ప్రమోదిని కూర్చుంది. మిల్లు యజమాని దయాకర్‌రావుకు తమ్ముడి కూతురు. వరంగల్లులో కంప్యూటర్ల చదువు చదివింది.

"కాకా, ఇటు సూడు. మాటలు తీసేసిన. జాగ ఊకెనే తింటున్నయి. ఇప్పుడు అంకెనే రంగు చెప్తది. మంచిగుంటె ఆకుపచ్చ, జర సూసుకోవాలంటె పసుపు, తిరగెయ్యాలంటె ఎరుపు. ఒక్క సూపుల గోదామంత కనపడ్తది."

హనుమండ్లు వంగి చూశాడు. తెర నిండా అంకెలు. అన్నీ ఎండిన గడ్డి రంగులో ఉన్నాయి. కొన్ని కాస్త మసకగా ఉన్నట్టు తోచింది. తల పక్కకు తిప్పితే అవీ మిగతా వాటిలో కలిసిపోయాయి.

"మంచిగున్నదమ్మా" అన్నాడు.

చిన్నప్పుడు మంథని దగ్గర చేనులో పండు మిరపకాయలు కోసుకు రమ్మంటే అతను గంప నిండా పచ్చికాయలు కోసుకొచ్చాడు. బాపు చెంప మీద కొట్టాడు. కావాలనే చేశాడనుకున్నాడు. పెద్దయ్యాక రైల్వే ఉద్యోగానికి పోతే, కళ్లు చూసే డాక్టరు చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి, రెండు పేజీలు తిప్పి మూసేశాడు. ఇంట్లో మాత్రం హనుమండ్లు, బండి తప్పిపోయి పరీక్షకు అందలేదని చెప్పాడు. ఆ తర్వాతే ఈ ఊరొచ్చి మిల్లులో చేరాడు. పత్తి గింజ తీసే జిన్నింగు యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి నూగు పీల్చాడు. దగ్గు ఛాతీలో ఇల్లు కట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. దుమ్ములో ఉంటే బతకవని దవాఖానాలో గట్టిగా చెప్పారు. దయాకర్‌రావు మంచి మనసుతో అతణ్ని ఈ గదిలో కూర్చోబెట్టాడు. కంప్యూటరుకు దుమ్ము పడదని కిటికీలకు అద్దాలు బిగించిన గది. ఇక్కడికి వచ్చాకే అతను రాత్రిళ్లు పడుకుని నిద్రపోగలిగాడు. అంతకుముందు కూర్చునే కునికేవాడు.

చెప్తే ఈ కుర్చీ పోతుంది. చెప్పకపోతే ఏదో ఒక కుప్ప పోతుంది.

పొద్దుటి అంకెలు కొట్టేసి, ఇనుప చువ్వ తీసుకుని గోదాములోకి వెళ్లాడు. చువ్వను కుప్పలోకి లోతుగా దించి, కాసేపు ఆగి, పైకి లాగి ముంజేతికి ఆనించుకుని చూడటం పాతకాలపు పద్ధతి. ఒక్కో కుప్ప ఎక్కడం, దిగడం, దగ్గడం. మొదటి గోదాము సగం కాకముందే ఆయాసంతో ఆగిపోయాడు. రెండో గోదాము అలాగే ఉండిపోయింది. గదిలోకి తిరిగొచ్చేసరికి అక్కడ దయాకర్‌రావు ఉన్నాడు. పత్తి తూచే కాంటా దగ్గర పనిచేసే అంతయ్య వాకిట్లో నిలబడి తొంగిచూస్తున్నాడు. పోశవ్వ తడిగుడ్డతో నేల తుడుస్తోంది.

ప్రమోదిని పెదనాన్నకు తన పని చూపిస్తోంది.

"ఇది లిస్ప్ అని ఒక భాష పెద్దబాపూ. దీంట్ల ప్రతి పని ఒక చిన్న ముక్క. ఒక ముక్క వేడి తీసుకుని రంగు పేరు ఇస్తది. ఇంకో ముక్క గా రంగును అంకెకు తొడుగుతది. అంకె ముందట ఒక గుర్తు, ఎన్క ఒక గుర్తు. ముందటిది రంగు వెయ్యమంటది, ఎన్కది ఆపమంటది. అంకె అంకెలెక్కనే ఉంటది, దానికేం గాదు."

"అంటె అంగీ తొడిగి ఇప్పినట్టు."

"అంతే. సూడు." ఆమె మీట నొక్కింది.

"అరే!" అన్నాడు దయాకర్‌రావు. "అయ్యో, ఇదేంది నెత్తురు వోసినట్టు!" అన్నాడు అంతయ్య. పోశవ్వ గుడ్డ వదిలేసి లేచి నిలబడింది.

హనుమండ్లు తెర వైపే చూస్తున్నాడు. అతనికి తెర కాస్త మసకబారినట్టు తోచింది, అంతే. అందరి మొహాలూ చూశాక, తనూ నోరు తెరిచి, "అరెరె, ఏమైందమ్మా?" అన్నాడు.

"ఎన్క గుర్తు మర్సిపోయిన కాకా. ఆపమని చెప్పలే. గందుకే తేదీ, పేర్లు, గీతలు అన్ని ఎర్రగైనయి." ఆమె నవ్వి సరిచేసింది. యజమానీ అంతయ్యా వెళ్లిపోయారు. ప్రమోదిని భోజనానికి లేచింది.

పోశవ్వ బకెట్ పక్కకు జరిపి అతని ముందు నిలబడింది.

"పటేలా, అందరు బుగులువడ్డంక నువ్వు బుగులువడ్డవు."

అతను వాకిలి వైపు చూశాడు.

"నీకు గా రంగులు తెల్వయి గద?"

"మెల్లగ మాట్లాడు."

"గందుకేనా! మొన్న నేను ఎర్రచీర కట్టుకొస్తె, ఆకుపచ్చ చీర మంచిగున్నదంటివి. పటేలుకు ఇంక రాతిరిది దిగలేదని నా మొగనికి చెప్పి నవ్విన."

"నేను తాగ పోశవ్వా."

"తాగితెనే మంచిగుండు. తెల్లారితె దిగుతుండె."

అతనికి నవ్వు రాబోయి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక కుర్చీ తెరకు దగ్గరగా లాక్కున్నాడు. "ఇటు రా. గీ అంకెలల్ల ఎర్రగున్నది ఏది? ఏలు పెట్టి సూపెట్టు."

"నాకు సదువు రాదు."

"సదువు నేను సదువుత. నువ్వు రంగు జెప్పు."

పోశవ్వ చేయి కొంగుకు తుడుచుకుని, మొదటి గోదాము పేజీ అంతా కళ్లతో వెతికి, అక్కడ లేదంది. అతను రెండో గోదాము పేజీ తెప్పించాడు. ఆమె తెర మూలకు వేలు పెట్టింది. "గిదొక్కటి. ముక్కుపుల్ల రాయి లెక్క మెరుస్తుంది."

హనుమండ్లు ఆ అంకె ఎదుట కుప్ప పేరు చదివాడు. పొద్దుటి నుంచీ ఆ అంకె అక్కడే ఉంది. అతను దాన్ని చూశాడు కూడా. లేచి పోతుంటే గడప తగిలింది. రెండో గోదాములో ఆ కుప్ప ఎక్కి చువ్వ దించి తీశాడు. ముంజేతికి ఆనించగానే చర్మం చుర్రుమంది. కింద ఉన్న కూలీలను కేకేసి కుప్ప విప్పించాడు. లోపలి గింజ నల్లబడి, మాడిన నూనె వాసన కొట్టింది. ఆవిరి లేచింది. పొగ ఇంకా రాలేదు.

మళ్లీ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పోశవ్వ చెంబుతో నీళ్లిచ్చింది.

"పోశవ్వా, దినాం పొద్దుగాల ఒక్కపారి వచ్చి సూసిపో. ఎవలకు చెప్పకు."

"నేను రేపటిసంది రాను పటేలా. బిడ్డకు నెలలు నిండినయి. ఉట్నూరు పోతున్న. పురుడు పోసి, పిల్లగాడు జర ముదిరినంక వస్త." అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "గా పిల్ల మంచిదే ఉన్నది. దానికి చెప్పరాదు?"

"చెప్తె గీ కుర్చి ఉంటదా?"

"ఏమో నాకేం ఎర్క? నువ్వు మాత్రం గీడ కూసుండి పానం తినుకుంటున్నవు."

ప్రమోదిని సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి. మధ్యాహ్నమంతా అతను రెండుసార్లు ఆమె దగ్గరికి వెళ్లి, ఒకసారి టీ తెప్పించనా అని, ఇంకోసారి ఫ్యాను తగ్గించనా అని అడిగి వచ్చాడు. ఆమె సంచి సర్దుకుంటూ పుస్తకాలు లోపల పెడుతున్నప్పుడు మూడోసారి వెళ్లాడు.

"అమ్మా, అంకె పక్కన మాట మల్ల పెట్టరాదు?"

"ఎందుకు కాకా? రంగున్నది గద."

"నాకు కనపడయి."

ఆమె కళ్లద్దాల గురించి ఏదో అనబోయింది.

"అద్దాలు గాదమ్మా. పుట్టుకతోటి. ఎర్రది, ఆకుపచ్చది నాకు ఒక్కతీరుగనే ఉంటయి. పొద్దుగాల ఎరుపు వచ్చింది. నేను సూసిన. నాకు తెల్వలే."

ప్రమోదిని సంచి కింద పెట్టింది. ఇంతసేపూ తెర మీద చోటు గురించే ఆలోచించిన మనిషి, ఆ తెర ముందు కూర్చునే మనిషి వైపు మొదటిసారి నిదానంగా చూసింది. "అడగకుంట తీసేసిన. నాదే తప్పు" అంది. మళ్లీ తెర ముందు కూర్చుంది. రంగు తొడిగే ముక్కను అలాగే ఉంచి, మాట చేర్చే ముక్క ఒకటి రాసి, మొదటి గోదాము పేజీకి కలిపింది. అంకెల పక్కన మాటలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. హనుమండ్లు ఒక్కొక్కటే పైకి చదివాడు.

"రెండో గోదాము పేజీ ఏరే తీరుగ రాసిన కాకా. జర టైము వడ్తది." అంతలో వాకిట్లో జీపు హారన్ మోగింది. "బస్సు పోతది. వచ్చినప్పుడు చేస్త. ఏం ఫికర్ చెయ్యకు. పెద్దబాపుకు నేనేం చెప్ప."

ఆమె చెప్పలేదు. ఆమెను బస్సు ఎక్కించి వచ్చిన దయాకర్‌రావు ఆ రోజు లెక్క అడగడానికి గదిలోకి వచ్చి, తెర చూసి ఆగిపోయాడు.

"రంగులు పెట్టినంక మల్ల గీ మాటలెందుకు?"

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. అమ్మాయి మరిచిపోయిందని అనొచ్చు. చువ్వ కాల్చిన ముంజేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నాకు రంగులు తెల్వయి దొరా."

దయాకర్‌రావు తెర కేసి మరోసారి చూశాడు. కోపం రాలేదు. వస్తే బాగుండునని హనుమండ్లుకు అనిపించింది.

"రెండో గోదాముల కుప్ప కాగింది గందుకేనా?"

"గందుకే."

"నిన్ను నేనేమన హనుమండ్లు. జీతం గట్లనే ఉంటది. గని కోటి రూపాయల మాల్ ఉన్నది లోపల. రేపటిసంది నువ్వు కాంటా కాడ కూసో. గీడ అంతయ్య కూసుంటడు."

కాంటా జిన్నింగు షెడ్డు వాకిట్లోనే ఉంటుంది. రోజంతా నూగు అక్కడ మంచులా పడుతుంది. హనుమండ్లు ఆ మాట అనలేదు. "సరే దొరా" అని, గది తాళంచెవి బల్ల మీద పెట్టి, తువాలు ముక్కుకు అడ్డం కట్టుకుని బయటికి నడిచాడు. భార్య బాలలక్ష్మికి ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కున్నాడు. చివరికి ఏమీ చెప్పకుండానే అన్నం తిన్నాడు.

తెల్లారి అంతయ్య కొత్త తెర ముందు కూర్చున్నాడు. అతనికి రంగులు చక్కగా కనిపిస్తాయి. మొదటి గోదాము పేజీలో అంకెల పక్కన మాటలున్నాయి. అతనికి వాటితో పని లేదు. ప్రమోదిని తర్వాత రెండుసార్లు వచ్చింది. మాటల సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. కాంటా దగ్గర తువాలు కట్టుకున్న మనిషిని ఆమె గుర్తుపట్టలేదు. రెండో గోదాము పేజీకి మాటలు ఇంకా చేర్చలేదు.