పద్దెనిమిది డిగ్రీల నేరస్తుడు

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ ప్రాణం తీస్తుంది. అలాంటి ఆగస్టులో ఏసీని ఇరవై ఆరు దగ్గర పెట్టి మొగుణ్ణి పడుకోమనడం ఎంత పెద్ద శిక్షో చాముండేశ్వరికి తెలుసు. తెలిసే వేసింది.

నేరం చిన్నదేం కాదు మరి. పడగ్గదిలో బీరువా తెరిస్తే ముక్కిన వాసన కొడుతోందని దాన్ని పక్కకి జరిపించింది. వెనక గోడంతా నల్లటి బూజు! ఏసీ కింద నుంచి నేల దాకా ఎవరో బొగ్గుతో ఇష్టమొచ్చినట్టు రుద్దినట్టుంది. పెళ్లినాటి పట్టుచీర అంచు మీద కూడా నాలుగు మచ్చలు. ఆ మచ్చలు చూశాక ఆవిడకి న్యాయం, ధర్మం ఏమీ గుర్తుకు రాలేదు.

"మీరు పద్దెనిమిదిలో పెట్టుకుని దుప్పటి ముసుగేస్తారు. గోడకి చెమట పట్టక ఏం చేస్తుంది?" అంది.

రామప్రసాద్ చమురు కంపెనీలో పైపుల ఇంజనీరు. "గోడ చెమట కాదే, ఏసీ నీళ్లు వెనక్కి మళ్లుతున్నాయి. బాల్కనీలో గొట్టం ఒక్కసారి చూసొస్తాను," అన్నాడు.

"మీరు బాల్కనీలో అడుగు పెట్టడానికి వీల్లేదు!"

అక్కడ ఆవిడ కరివేపాకు మొక్క ఉంది. గింజ నాటి మూడేళ్లు పెంచింది. తెలిసిన తెలుగువాళ్లెవరు పులిహోర కలుపుకోవాలన్నా ముందు ఈవిడకే ఫోను. ఓసారి రామప్రసాద్ చీడ పోతుందని సబ్బునీళ్లు కొట్టి సగం ఆకు రాల్చాడు. అప్పటినుంచి ఆయనకి బాల్కనీ నిషేధం.

పది రోజులు బ్లీచ్ పెట్టి తుడిచింది. తుడిచిన మూడో నాటికల్లా బూజు మళ్లీ హాజరు. రామప్రసాద్ మాత్రం చెమటలు కక్కుతూ, కిక్కురుమనకుండా ఇరవై ఆరులోనే పడుకున్నాడు.

చివరికి, ఆయన ఆఫీసులో ఉన్న పూట, బిల్డింగు మెయింటెనెన్స్ వాళ్లు ఏసీ మెకానిక్ లింబాద్రిని పంపారు. జగిత్యాల వైపు మనిషి. తెలుగు మాట వినగానే నిచ్చెన కిందపెట్టి నవ్వాడు. ఏసీ మూత తీస్తే లోపలి తొట్టి నిండి ఉంది. గొట్టం దారి పట్టుకుని బాల్కనీలోకి నడిచాడు. కరివేపాకు కుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, గీ డ్రైన్ పైపు కుండీల ఎవలు వెట్టిండ్రు?"

"నేనే. నీళ్లు ఊరికే పోతున్నాయని... మొక్కకి రోజూ అవే." చెబుతుంటేనే ఆవిడ గొంతు సన్నబడింది.

లింబాద్రి మట్టి తవ్వి గొట్టం పైకి లాగాడు. మొక్క వేళ్లు దాని మూతి నిండా అల్లుకుని, లోపలికి జానెడు దూరం పోయి కూర్చున్నాయి.

"ఇగ నీళ్లు యాడికి పోతయమ్మా? ఎనుకకు మర్లి గోడకు దిగినయి. జర గీ వేర్లు కొయ్యాలె. పైలంగ కోస్త తియ్యిండ్రి."

ఆవిడకి పది రోజుల తిట్లూ వరసపెట్టి గుర్తుకొస్తున్నాయి. వాటితోపాటు, గొట్టం చూస్తానన్న మొగుడి మొహం. ఆవిడ వాలకం చూసి, ఇన్నాళ్లూ నింద సారు మీద పడిందని లింబాద్రికి అర్థమైంది.

"సారుకు దుమ్ము జామైందని చెప్పుండ్రి. గట్ల అందరిండ్లల్ల అయితది."

ఎంత చక్కటి అబద్ధం! చాముండేశ్వరికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది. వెళ్లేటప్పుడు అతని చేతిలో గుప్పెడు కరివేపాకు రెమ్మలు పెట్టింది. అది కృతజ్ఞతో లంచమో ఆవిడే తేల్చుకోలేకపోయింది.

సాయంత్రం రామప్రసాద్ వచ్చి, గోడ తడి ఆరుతుండటం చూశాడు. "బాగైందా? నాదే తప్పులే. మరీ పద్దెనిమిదిలో పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు.

ఇక దుమ్ము సంగతి చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచింది కూడా. కానీ చేయని తప్పు నెత్తినేసుకుంటున్న మనిషిని ఎదురుగా చూస్తూ ఆ మాట అనలేకపోయింది.

"మీది కాదు, నాదే. గొట్టం కుండీలో పెట్టాను. వేళ్లు పట్టేశాయి. ఇవాళ మెకానిక్ వచ్చి కోశాడు," అని గబగబా అనేసింది.

అనేసి, తిట్లకి సిద్ధమై నిలబడింది. తనైతే కనీసం వారం రోజులు వదిలిపెట్టేది కాదు.

"వేళ్లు కోశాడా?" రామప్రసాద్ గాభరా పడ్డాడు. "మొక్కకేం కాలేదు కదా?"

చాముండేశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది. నాలుగు తిట్లు తిట్టినా ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.