వంటింటి గోడకు వాకిలి

ఆ ఊళ్ళో ముందు రైలు వచ్చింది, ఊరు తర్వాత వచ్చింది. వాగు పక్కన బొగ్గు ఇంజన్లు నీళ్ళు పట్టుకోవడానికి ఆగేవి. నీళ్ళ కోసం ట్యాంకు కట్టారు. ట్యాంకుకి కాపలా మనిషిని పెట్టారు. మనిషన్నాక ఆకలేస్తుంది కాబట్టి ఒక కొట్టు వెలిసింది. అలా పట్టాల వెంబడి ఒక్కటే వీధి సాగింది. ఇళ్ళన్నీ పట్టాల వైపు చూసేవే. రైలుకి వీపు చూపించి ఎవరూ ఇల్లు కట్టుకోలేదు. బూడిద కుప్పలు, బట్టలారేసే తీగలు, విరిగిన మంచాలు అన్నీ వెనక వైపే.

బొగ్గు ఇంజన్లు పోయాయి. నీళ్ళతో పనిలేకపోయినా పాసింజరు మాత్రం పాత అలవాటు కొద్దీ ఆగేది. ఆఖరికి లైనునే కొండ అవతలికి మార్చి, ఇక్కడి పట్టాలు పీకి లారీలకెత్తారు. ఏడాది తిరక్కుండా రోడ్డు పడింది. అదీ ఊరి వెనక నుంచి. ఇప్పుడు బస్సుల్లో పోయేవాళ్ళందరికీ ఊరంటే చిరుగుల బనీన్లే.

బండ్లకు పట్టాలు మార్చే పని చేసి రిటైరైన పాయింట్స్‌మన్ ఇంట్లో ముందు గదే టీకొట్టు. నడిపేది భార్య. పాసింజరు పోయాక బేరం సగమైనా లేదు. వంటింటి గోడ పగలగొట్టి రోడ్డు వైపు వాకిలి పెట్టాలి, లేదా కొట్టు మూసెయ్యాలి. ఆమె నెల నుంచీ అడుగుతోంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఖాళీ నేల వైపు చూస్తాడే గాని ఔననడు, కాదనడు. వాకిలి తిప్పితే రైలు ఇక రాదని ఒప్పుకున్నట్టే అని ఆయన బాధ. ఈవిడ అప్పుడే అంతా మరిచిపోయిందని కోపం కూడా.

ఆమె ఊరుకోలేదు. పొరుగూరి నుంచి తాపీమేస్త్రి అయిన తమ్ముణ్ణి పిలిపించింది. అతను సుత్తి, గునపం తెచ్చి బావ పక్కనే చతికిలబడ్డాడు.

"ఏం బావా, బండి లేటా?"

పాయింట్స్‌మన్ ఖాళీ నేల మీంచి చూపు తిప్పలేదు.

"ఏంటక్కా, బావ మూగనోము పట్టాడా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ పట్టే ఉన్నారు. నువ్వు ఇవాళ చూశావు." ఆమె గ్లాసులు తుడుస్తూ భర్త వైపు తిరిగింది. "రోజూ పాలు మిగిలిపోతున్నాయి, తోడేస్తున్నాను. ఇద్దరం ఎంత పెరుగని తింటామండీ? నాకూ ఈ గుమ్మం..."

ఆగిపోయింది. చేతిలో గ్లాసు కూడా ఆగింది.

మధ్యాహ్నం మెయిలు ఒకప్పుడు ఊళ్ళో ఆగకుండా దూసుకుపోయేది. ఆ మోతలో మాట వినబడదు. అందుకని ఊరంతా నోట్లో మాట నోట్లోనే ఆపి, బండి పోయాక ఆపిన చోటి నుంచే అందుకునేవారు.

ఇప్పుడు మోత లేదు. ఎండలో ఖాళీ నేల ఉంది, అంతే. ఆమె మెయిలు పోయేంతసేపూ ఆగి, "...వదలాలని లేదు" అంది.

"మధ్యలో ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఏమీ లేదు." ఆమె సిగ్గుపడినట్టు తల తిప్పుకుంది.

పాయింట్స్‌మన్ భార్య ముఖం వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"ముందు దూలానికి ఊత పెట్టు" అన్నాడు బావమరిదితో. "తర్వాత గోడ పగలగొట్టు."

గోడ కూలింది. వంటింట్లో ఎన్నడూ లేని వెలుగు పడి, మసి పట్టిన గోడలు చూసి ఆమే "అబ్బ, సిగ్గుచేటు" అనుకుంది. తలుపు బిగించిన రోజే బస్సు ఒకటి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి "టీ ఉందా అమ్మా?" అని కేకేశాడు. వెనకాలే సగం బస్సు దిగింది.

సాయంత్రం మంగలి, దర్జీ ఎప్పటిలా పాత గుమ్మం దగ్గరికే వచ్చి కూర్చున్నారు.

"వాకిలి అటు మారింది బాబూ" అన్నాడు మేస్త్రి.

"మారనీ. మేం మాత్రం ఇటు తిరిగే తాగుతాం. అటు చూస్తే టీ దిగదు మాకు" అన్నాడు మంగలి.

"బావుంది సంబడం! అటూ ఇటూ నేనొక్కదాన్నే పరుగెత్తాలా?" లోపల్నుంచి ఆమె గొంతు.

పాయింట్స్‌మన్ లోపలికెళ్ళి పళ్ళెం అందుకున్నాడు.

"అటెన్ని? ఇటెన్ని?" అని అడిగాడు.