రెండు సెకండ్ల పని

సైదులు విజిల్ ఊదాడు. కాంటా మీద ఆగిన ఖాళీ ట్రాక్టర్ ట్రాలీలోంచి ఇద్దరు హమాలీలు విసుక్కుంటూ దిగారు. వాళ్లు పూర్తిగా పక్కకు తప్పుకున్నాకే అతను కిటికీలోంచి తల లోపలికి తీసుకుని కంప్యూటర్ మీద ఎంటర్ నొక్కాడు. మిర్యాలగూడ రైస్ మిల్లు కాంటా గదిలో పందొమ్మిదేళ్లుగా ఇదే పని. బక్కపలచటి మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ ఊక దుమ్ము, కిటికీలోంచి వంగీ వంగీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే వడ్ల బరువు. ఖాళీ బండిలో ఇద్దరు కూర్చున్నారంటే రైతుకు క్వింటాకు పైగా గోవిందా! కంప్యూటరుకు ఆ మనుషులు కనపడరు కదా.

ఒక్కో బండికి నాలుగు నిమిషాలేంటని సేటు జవహర్ వారం నుంచి సతాయిస్తున్నాడు. బండ్ల వరస రోడ్డెక్కుతోంది మరి. నిన్న సైదులుకు పౌరుషం వచ్చింది.

"నాది గాదు సేటు, గా కొత్త ప్రోగ్రామే స్లో. కావాలంటే లెక్క తీయించున్రి."

ఎవరడగమన్నారు!

ప్రోగ్రాం రాసిన జగదీశ్ కోదాడ నుంచి పొద్దున్నే వచ్చి, పక్కనే కూర్చుని ఇరవై బండ్లు చూశాడు. సైదులే అతనికి రెండుసార్లు చాయ్ తెప్పించాడు. మధ్యాహ్నం సేటు వచ్చాక జగదీశ్ స్క్రీన్ చూపించాడు.

"బండికి నాలుగు నిమిషాలు పడుతోందండి. అందులో ప్రాసెసర్ నిజంగా పనిచేసింది రెండు సెకండ్లే. మిగతాదంతా ఈయన ఎంటర్ నొక్కేదాకా ఆగడమే."

అతనేం అబద్ధం చెప్పలేదు పాపం.

"గది ఊకె కూసున్న టైం గాదు సార్. మనుషుల దింపుతున్న టైం," అన్నాడు సైదులు.

"గవన్నీ నాకెందుకే? ఇగ దానంతటదే తూకం తీసుకునేటట్టు పెట్టెయ్ జగదీశ్," అన్నాడు సేటు. తర్వాత కొంచెం మెత్తగా, "పని పడితే కబురు చేస్తలే సైదులు."

సైదులుకు ఏడుపొచ్చింది. తన నోటితో తానే అడిగాడు, అదీ బాధ. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నేరేడుచర్ల షేర్ ఆటోలో డ్రైవరు పక్కన ఓ అంచున కూర్చుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంకో ఖాళీ ట్రాక్టర్ కాంటా ఎక్కింది. ట్రాలీలో ముగ్గురు హమాలీలు కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వడ్లు తెచ్చిన రైతు కిందే నిలబడి తలపాగాతో మొహం తుడుచుకుంటున్నాడు. రెండు సెకండ్లలో తూకం చీటీ వచ్చేసింది. కిటికీ పక్కన మేకుకు సైదులు విజిల్ వేలాడుతూ ఉంది.