ఇప్పచెట్టు కింద ఆగిన కథ

బట్టల షాపులో పొద్దంతా నిలబడి నిలబడి పుష్పలత కాళ్ళు లాగేస్తుండేవి. అయినా పాల్వంచ బస్సు దిగి ఇంటికి రాగానే ఆమె నడుం వాల్చేది కాదు. పొయ్యి మీద జావ పెట్టి, తల్లి మంచం పక్కన చాప పరుచుకొని, ఫోను తెరిచేది.

“అమ్మా, సదవాల్నా?”

ముత్తక్క కళ్ళు మెరిసేవి. “ఊఁ” అనేది.

ఆ “ఊఁ” ఊరికే వచ్చింది కాదు. కిందటి వానాకాలం నాట్లు వేస్తున్న మడిలోనే ముత్తక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. “మందులు సగం పనే చేస్తాయి. గొంతు కదిలేలా మీరే చూసుకోవాలి” అన్నది దవాఖానాలో డాక్టరమ్మ. ఎవరు పలకరించినా ముత్తక్క గోడ వైపే చూసేది. చివరికి ఆ గొంతును కదిలించింది ఒక కథ.

అది పుస్తకంలో కథ కాదు. టీవీలో రోజూ వచ్చే ఒక సీరియల్ మీద ఇష్టంతో, అందులోని మనుషులనే తీసుకొని ఎవరో ఒకామె ఫోన్‌లో సొంతంగా అల్లుతున్న కథ. ఇలాంటి వాటిని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. సీరియల్‌లో హీరోయిన్ తల్లి వకుళను లారీ కింద పడేసి చంపేశారు. అది చూసిన రోజు ముత్తక్క ముద్ద ముట్టలేదు. కానీ ‘నీలిమేఘం’ అన్న పేరుతో రాసే ఆమె మాత్రం వకుళను చావనివ్వలేదు. బతికించి, బిడ్డను వెతుక్కుంటూ అడవి దారి పట్టించింది. వకుళ ఊరూరూ తిరుగుతుంటే మంచంలో ఉన్న ముత్తక్క కూడా ఆమె వెంట నడిచింది. ఊఁ, ఊఁ అంటూ నడిచింది.

మొదట్లో ఆ కథ కింద చదివినవాళ్ళు నాలుగు మాటలు రాసేవారు. మా అమ్మ గుర్తొచ్చిందని ఒకరు, ఈ రోజు ఏడిపించారని ఒకరు. రాను రాను ఆ అలవాటు పోయింది. “నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?” అన్న ముక్కే మిగిలింది. పుష్పలత అది కూడా రాసి ఎరగదు. చదివేది, మూసేది. నల్లా తిప్పితే నీళ్ళు వచ్చినట్టు కథ వస్తుందనుకొనేది. పైన ట్యాంకీ నింపే మనిషి ఒకరు ఉంటారన్న తలపే ఆమెకు రాలేదు.

ఒక సాయంత్రం ఇలా చదివింది:

“నీరెండలో వకుళ ఇప్పచెట్టు కొమ్మ వంచి, పూలు ఒక్కొక్కటే కోసి ఒడిలో వేసుకొంది. చూస్తుండగానే చీకటి పడింది. ఎటు పోవాలో తెలియక చెట్టుకు ఆనుకొని కూర్చుండిపోయింది...”

పుష్పలత గొంతు ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె కూడా వకుళతో పాటే అడవిలో ఉంది. ఆ ఒక్క వాక్యంతో బయటికొచ్చి పడింది.

“ఓరి రాజూ, గిది ఇన్నవా! ఇప్పపువ్వు కోస్తున్నదట, గులాబీ పువ్వు కోసినట్టు!”

వాకిట్లో ఆటో కడుగుతున్న తమ్ముడు తల ఎత్తాడు. “అంత ఎత్తు చెట్టు కొమ్మ వంచిందా? ఏనుగు గిట్ల ఎక్కి పోయిందా ఏంది అక్కా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. ముత్తక్క మాత్రం నవ్వలేదు. “ఊఁ” అన్నది. కానీయమన్నట్టు ఎడమ చెయ్యి లేపింది. పుష్పలత చూడలేదు. అప్పటికే ఆమె వేళ్ళు ఫోను మీద ఉరుకుతున్నాయి.

“మేడమ్, ఇప్పపువ్వు ఎవ్వరూ కొయ్యరు. తెల్లారంగ అదే రాలుతది, ఏరుకుంటరు. అడవి మొఖం సూడనోళ్ళకు అడవి కథ ఎందుకు? రేపు తేనె గూడ సీసాల్ల కాస్తదని రాస్తరేమో!”

ఇన్నాళ్ళు చదివి ఒక్క మంచి మాట రాయని చెయ్యి, తప్పు దొరకగానే ఇంత రాసింది.

తెల్లారేసరికి ఆ మాటల కింద నవ్వులే నవ్వులు. ఎవరో వకుళ బొమ్మ చేతికి గులాబీల బుట్ట తగిలించి ‘ఇప్పగులాబీ’ అని పేరు పెట్టారు. అది ఫోను నుంచి ఫోనుకు పాకింది. షాపులో తోటి పనిచేసే శ్యామల వీపు చరిచింది. “నువ్వేనానే రాసింది? భలే ఇచ్చినవ్ పో!” పుష్పలతకు ఆ రోజంతా కొత్త చీర కట్టుకున్నట్టే ఉంది.

ఆ తర్వాత నీలిమేఘం నుంచి కథ రాలేదు. నాలుగు వాక్యాలు వచ్చాయి.

“నాకు తెలియని చోటు గురించి రాశాను. తప్పే. ఇన్నాళ్ళూ చదివేవాళ్ళు ఉన్నారో లేదో తెలియకుండానే రాశాను, ఉన్నారని ఈ నవ్వులు చూశాకే తెలిసింది. ఇక ఈ కథ రాయను.”

నవ్వినవాళ్ళు రెండు రోజులు గోల చేసి ఇంకో కథకు పోయారు. ఈ కాలపు అలవాటు అది. ఆగిపోయిన బండి దిగి ఇంకో బండి ఎక్కుతారు. నడిపినాయనకు ఏమైందని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

దిగలేనిది ముత్తక్క ఒక్కతే.

పుష్పలత వేరే కథ తెరిచి చదవబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. పెదవులు చాలాసేపు కొట్టుకున్నాయి.

“ఆమె... ఏడ?”

జబ్బు చేశాక నోటి నుంచి వచ్చిన మొదటి మాటలు అవి. సంతోషపడాలో ఏడవాలో పుష్పలతకు తెలియలేదు.

“వకుళనా అమ్మా? ఆమె బిడ్డ దొరికింది. ఇద్దరు ఇంటికి పోయిండ్రు. అయిపోయింది కథ.”

ముత్తక్క కూతురి ముఖంలోకి చూసింది. అబద్ధం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. గోడ వైపు తిరిగింది. ఆ మర్నాడు అదే మాట, “ఆమె... ఏడ?” ఆ తర్వాత ఆ మాట కూడా లేదు. నోట్లో పోసిన జావ పెదవుల పక్క నుంచి కారిపోతుంటే పుష్పలత తుడుస్తూ కూర్చునేది. వచ్చిన గొంతు తన చేతుల మీదుగానే పోతున్నదని ఆమెకు భయం పట్టుకొంది.

ఆదివారం నాడు మేనమామ జంపయ్య సంకలో కోడితో వచ్చాడు.

“ఏందే కోడలా, మా చెల్లె మళ్ళ గోడతోటి ముచ్చట వెట్టింది?”

పుష్పలత అంతా చెప్పింది. ఇప్పపువ్వు దగ్గరికి రాగానే జంపయ్య కూడా నవ్వాడు. “కొమ్మ వంచి కోసిందా! ఎలుగ్గొడ్డు గూడ కింద రాలిందే తింటది గదనే!” నవ్వి అడిగాడు. “మరి ఆ ముక్క నువ్వు చెప్పినవా?”

“చెప్పిన గద మామా, తప్పని.”

“తప్పని చెప్పినవ్. ముక్క చెప్పినవా అంటున్న.”

పుష్పలతకు అర్థం కాలేదు. జంపయ్య కోడిని గంప కింద మూసి, అరుగు మీద కూర్చున్నాడు.

“మీ అమ్మ కథ చెప్తుంటే వాడోళ్ళంత వచ్చి కూసునేటోళ్ళు, నీకు యాదున్నదో లేదో. ఎవడన్న నడిమిట్ల ‘గది తప్పు’ అన్నడనుకో, ఆమె కోపం చెయ్యకపోయేది. ‘అవ్ తమ్మీ, నాకు ఎర్క లేదు. ఆ ముక్క నువ్వు చెప్పు, ఆడికెల్లి నేనందుకుంట’ అనేది. తప్పు అన్నోడు ఆ ముక్క చెప్పి కథను మళ్ళ ఆమె చేతిల పెట్టాలె. గదీ ఆమె కట్టుబాటు. నేనొకపారి ఎగిరి ‘తప్పు’ అన్న. చెప్పుమన్నది. నాలుక పిడచ కట్టింది బిడ్డా! అప్పటికెల్లి కథ చెప్పేటోళ్ళంటే నాకు భయమూ భక్తి.”

పుష్పలత వైపు తిరిగాడు. “నువ్వేమో చెప్పేదాన్నే లేపి పంపిచ్చినవ్. చీకట్ల చెట్టు కింద ఆ తల్లిని ఒక్కదాన్నే కూసోవెట్టినవ్.”

పుష్పలత తల్లి వైపు చూసింది. బతుకంతా ఇప్పపువ్వు ఏరిన మనిషి. ఆ తప్పు తనకంటే ముందు ఆమెకే తెలిసి ఉంటుంది. తెలిసీ “ఊఁ” అన్నది. కథ సాగాలనుకొన్నది. తనకు ఆ మాత్రం ఓపిక లేకపోయింది.

ఆ పొద్దే ఫోను తీసి, అందరూ నవ్విన చోటనే, తన మాటల కిందనే రాసింది.

“ఈ మాట రాసింది నేనే. మొదటికెల్లి మీ కథ సదువుతున్న, ఒక్కనాడు బాగుందని రాయలే. మాట పోయిన మా అమ్మకు మీ కథతోనే గొంతు వచ్చింది. తప్పన్నది నేను గనుక ఆ ముక్క నేనే చెప్త, ఆడికెల్లి మీరు అందుకోండి. ముందురోజే చెట్టు కింద ఆకులు ఊడ్చి పెట్టుకుంటం. ఇంకా మసక ఉండంగనే పోతం. అమ్మ ముందు, నేను ఎనుక. పువ్వు రాలితే సప్పుడు ఉండది, నెత్తి మీద పడితే సల్లగ తగుల్తది. అమ్మ ఏరుకుంట కథ చెప్పేది. నేను ఊఁ అంటేనే ఎనుక ఉన్ననని ఆమెకు ఎర్క. ఊఁ ఆగితే ఆమె గూడ ఆగి, ఎనుకకు వచ్చేది.”

తన నంబరు విడిగా పంపింది.

రెండు రోజులు గడిచాక, తల్లి మంచం పక్కన ఉండగా ఫోను మోగింది. పుష్పలత స్పీకరు నొక్కింది. అవతల కుట్టుమిషను చప్పుడు.

“నేను భానునండి, పెనుబల్లి నుంచి. నీలిమేఘం అని రాసేది నేనే. మా వైపు మామిడి తోటలండి. పువ్వంటే కోసేదే అనుకున్నా.”

“తప్పు నాది అక్కా. అందరి ముందట అట్ల రాయొద్దుండె.”

“తప్పు చెప్పినందుకు కాదులెండి. మా మేనకోడలు ఆ గులాబీల బొమ్మ తెచ్చి నాకే చూపించి నవ్వింది. రాసింది నేనని దానికి తెలీదు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! మీరు చెప్పిన ముక్క చాలా బాగుందండి. కానీ రాద్దామని కూర్చుంటే చెయ్యి రావట్లేదు.”

అంతలో మంచం మీద నుంచి సన్నగా వినిపించింది.

“ఆమె... ఏడ?”

“ఎవరండి అది?”

“మా అమ్మ అక్కా. వకుళ ఏడున్నదని అడుగుతున్నది.”

అవతల మిషను ఆగింది. భాను, “ఫోను అమ్మ దగ్గర పెట్టండి” అన్నది.

“అమ్మా, వకుళ ఇక్కడే ఉందమ్మా, చెట్టు కిందనే. భయపడలేదు. తెల్లవారుతోంది. పైనుంచి ఏదో చల్లగా నెత్తి మీద పడింది. తడిమి చూసుకుంది. ఇప్పపువ్వు! ఇంకొకటి, ఇంకొకటి... అట్లాగే రాలతాయా అమ్మా?”

“ఊఁ.”

“ఆ చీకట్లోనే ఒక ఆడమనిషి గంప పట్టుకొని వచ్చింది. ఎవరమ్మా నువ్వని అడిగింది. నా బిడ్డను వెతుకుతున్నా అంది వకుళ. దా, ఏరుకుంటూ మాట్లాడుకుందాం అందా మనిషి. ఇద్దరూ వంగి ఏరుతున్నారు...”

ముత్తక్క పెదవులు కొట్టుకున్నాయి. మెడ నరాలు బిగిశాయి.

“గంప... నిండిందా?”

భాను నవ్విందో ఏడ్చిందో గొంతులో తెలియలేదు. “ఇంకా సగమేనమ్మా. మిగతాది రేపు చెప్తాను.”

పుష్పలత జావ గిన్నె తెచ్చింది. ఆ సాయంత్రం చుక్క కారకుండా ముత్తక్క తాగింది.

చదివే బిడ్డలారా, తప్పు కనబడితే రాసినవారి చెవిలో చెప్పండి, నచ్చితే నలుగురిలో చెప్పండి, ఏమీ అనకుండా మాత్రం పోకండి. కథలు ఆగిపోయేది తప్పుల వల్ల కాదు, వినేవాళ్ళు ఉన్నారని తెలియక.