ఆఖరి మాట ముందు

ఎర్ర రంగు డబ్బా మూత లేపి, పుల్లతో అడుగు నుంచి కలుపుతున్నాడు రంగులాయన. పుల్ల డబ్బా అంచుకు తగిలి టకటకమంటోంది. రంగు కలపడానికి అంత చప్పుడు అక్కర్లేదు. చెయ్యి వణుకుతోంది, అంతే. ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుని మళ్లీ కలిపాడు. ఇప్పుడు రెండు చేతులూ వణికాయి.

కుట్టుమిషను ముందున్న కూతురు చూసీ చూడనట్టు ఊరుకుంది. మనిషి ఏడాదిలో సగమయ్యాడు. మెడ ఎముకలు తేలాయి, కళ్లలో తెలుపు పసుపుకు తిరిగింది. కుంచె పట్టీ పట్టీ చూపుడువేలు ఓ పక్కకు వాలిపోయింది. గోళ్ల చుట్టూ ఉన్న రంగు మాత్రం ఏ సబ్బుకూ లొంగలేదు.

"నాన్నా, తాగుడు మాన్పించే ఆ మేడను సాయంత్రం ఆఫీసరు వచ్చి చూస్తాడంట. సరే అన్నాడంటే డాక్టరమ్మ నిన్ను రేపే చేర్చుకుంటానంది. మొదటి మంచం నీదేనంట."

"ఊఁ."

"ఊఁ కాదు. ఇవాళ ఒక్కరోజు వద్దు నాన్నా."

తలూపాడు. నిన్న రాత్రి నుంచీ చుక్క ముట్టలేదు. ఆ సంగతి కూతురికి చెబుదామనుకున్నాడు గానీ, ఇంతకుముందు చాలాసార్లు చెప్పి మాట తప్పినవాడు కాబట్టి నోరు రాలేదు. కుంచెలు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ఊళ్లో సగం 'వద్దు'లు అతను రాసినవే. ఇక్కడ బండ్లు నిలపవద్దు. గోడల మీద కాగితాలు అంటించవద్దు. మెట్ల మీద ఉమ్మి వేయవద్దు. 'ద్దు' రాస్తే ఆయనే రాయాలి, ఒత్తు బొద్దుగా కూర్చుంటుంది, కొమ్ము తిన్నగా తిరుగుతుంది అనేవారు. అంత బాగా రాసే మాట ఆయన నోట మాత్రం ఎవరూ వినలేదు. అరువు పని చెబితే వద్దనలేదు, తోటివాళ్లు గ్లాసు అందిస్తే వద్దనలేదు. పెళ్లాం బతికున్నన్నాళ్లూ ఆ మాట ఆయన తరఫున ఆవిడే అనేది. ఆవిడ పోయాక అనేవాళ్లు లేకపోయారు.

వీధి మొదట్లో రెండు ఇనుప స్తంభాల మధ్య తెల్లరంగు వేసిన రేకు బిగించి ఉంది. కింద కాలనీ సెక్రటరీ గడియారం చూసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, వీధి మొత్తం తన పెళ్లివారన్నట్టు ఒక హడావిడి.

"రావయ్యా రా. ఆఫీసరు వచ్చేవేళకి ఎర్రగా కొట్టొచ్చినట్టు కనబడాలి. 'మత్తు కేంద్రం మాకు వద్దు.' ఇంతే."

రంగులాయన సంచి దించలేదు. ఏదో బోర్డు అని పిలిచారు గానీ, ఏ బోర్డో ఎవరూ చెప్పలేదు. వీధి చివర డాక్టరమ్మ అద్దెకు తీసుకున్న పాత మేడ వైపు చూశాడు. కిటికీలకు కొత్త తెరలు కట్టారు.

"మత్తు విముక్తి కేంద్రం కదండీ అది?"

"ఆ విముక్తీ గిముక్తీ రాస్తే రేకు చాలదు. తీసెయ్."

అదీ పెద్దమనుషుల వీధి. అంటే తలుపులు వేసుకుని తాగే వీధి. నెల రోజులుగా ఆ ఒక్క మాటా నోట్లోనే మింగేసి, 'మత్తు కేంద్రం' అంటూ అక్కడ సారా దుకాణమే తెరుస్తున్నట్టు గగ్గోలు పెట్టారు. ఊరి బయట పెట్టుకోమన్నారు. ఊరి బయట చెత్తకుప్పా శ్మశానమూ ఉన్నాయి. తమకు కంపు కొట్టేవన్నీ ఒకచోటే ఉంటే వాళ్లకు హాయి. ఏ ఇంట్లో ఎవడి చెయ్యి పొద్దున్నే వణుకుతోందో పక్కింటివాడికి తెలియనిది కాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం, ఆ మేడకు బోర్డు పడితే ఎవరి భుజం ఎవరి కంట పడుతుందోనని భయం.

ఈ పని నావల్ల కాదండీ అనాలి రంగులాయన. అనలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కాడు.

అతను ఎప్పుడూ ఆఖరి మాటే ముందు రాస్తాడు. కొత్తవాళ్లు మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి జాగా చాలక అక్షరాలను ఇరికిస్తారు. ఆఖరి మాటను దాని చోట కూర్చోబెడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయని అతని లెక్క. రేకు కుడి కొసన పెన్సిలుతో గీత గీసి, కుంచె ముంచాడు.

'వ' తల వంకరపోయింది. ఒత్తు జారింది. కొమ్ము తిప్పేటప్పుడు కుంచె రెండుసార్లు ఎగిరిపడి, రంగు సన్నగా కిందికి కారింది. గుడ్డతో తుడవబోతే ఇంకా అలుక్కుంటుందని ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఇంత అధ్వాన్నమైన 'వద్దు' రాయలేదు.

"ఇవేం అక్షరాలయ్యా, కోడి కెలికినట్టు!"

"చెయ్యి నిలబడ్డంలేదు సార్."

"తెలుసులే నీ సంగతి. ఉండు."

సెక్రటరీ ఇంట్లోకి వెళ్లి, మూత పెట్టిన స్టీలు గ్లాసుతో తిరిగొచ్చాడు. మూత తియ్యకముందే వాసన నిచ్చెన ఎక్కింది.

"కానియ్. మందే కదా, మందనుకునే తాగు. చెయ్యి అదే నిలబడుతుంది."

రంగులాయన కిందికి దిగాడు. కూతురి మొహం గుర్తొచ్చింది. మాట గొంతుదాకా వచ్చింది. పైన రేకు మీద తడితడిగా ఎర్రగా ఉన్న మాటే, చూసి చదివితే చాలు. చదవలేదు.

"మీ దయ సార్," అన్నాడు. గ్లాసు అందుకున్నాడు.

చెయ్యి నిజంగానే నిలబడింది. పెన్సిలు గీత తిన్నగా వచ్చింది. ఒక మాట అయ్యాక కిందికి దిగి, నిచ్చెన జరుపుకుని మళ్లీ ఎక్కడం అతని అలవాటు. ఆ పూట నిచ్చెన జరపకుండానే ఎక్కాడు. పైనుంచే ఎడమవైపుకు వంగి, ఇంకాస్త వంగి, 'మాకు' అన్న మాటకు కుంచె చాచాడు. పెద్ద చప్పుడేం కాలేదు. కింద మురుగుకాలవ అంచు రాతికి తల తగిలింది. రంగు డబ్బా మాత్రం కొంత దూరం దొర్లి ఆగింది. జనం మూగేసరికి ఊపిరి లేదు.

ఆఫీసరు కారు దిగేసరికి రంగులాయన మీద ఎవరో పాత దుప్పటి కప్పారు. స్టీలు గ్లాసును సెక్రటరీ భార్య తీసుకెళ్లి కడిగి బోర్లించింది.

"చూశారా సార్! ఇంకా తెరవనేలేదు, అప్పుడే తాగొచ్చి వీధిలో పడి చస్తున్నారు. ఇళ్లలో ఆడపిల్లలున్నారు. ఎలా బతకమంటారు చెప్పండి!" అన్నాడు సెక్రటరీ. గొంతు వణికింది కూడా.

శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే అదే. అందరూ అవునవునన్నారు. "ఇళ్ల మధ్య కుదరదులెండి," అని ఆఫీసరు ఆ మేడ గేటు కూడా తాకకుండా కారెక్కాడు. డాక్టరమ్మ ఏదో చెప్పబోతే కారు అద్దం పైకి లేచింది. వారం తిరక్కుండా మేడకు తాళం పడింది.

ఇంకో పెయింటరును పిలిపిస్తే, ముందు అక్షరాలు చెరిపితేగానీ తనవి కుదరవన్నాడు. పనైపోయిందిగా, ఇప్పుడెందుకని సెక్రటరీ ఊరుకున్నాడు.

కూతురు కుంచెల సంచి కోసం వచ్చింది. నాన్న తాగి పడ్డాడని వీధి అంతా ఆమెకు ముందే చెప్పింది. మాట తప్పాడని ఆమె కూడా కోపం తెచ్చుకుంది. ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. సంచి భుజాన వేసుకుని తలెత్తింది. తాగిన రోజు నాన్న అక్షరం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, గీత గీసినట్టుంటుంది. ఆ వంకర చూసి అక్కడే, కాలవ గట్టు మీదే కూలబడింది. ఆ మాట రాసేదాకా ఆయన తాగలేదు.

ఆమె వెళ్లిపోయాక రేకు అక్కడే ఉంది. ఎడమవైపంతా ఖాళీ తెలుపు, కుడి కొసన జారిన ఒత్తుతో, కొమ్ము కింద కారి ఆరిన ఎర్ర రంగుతో ఒకే ఒక్క 'వద్దు'.