వేరు కంచం

కడుపుతో ఉన్న నా రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉందని ఇక్కడ కెనడాలోని సార్నియా ఊరి క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఆ సాయంత్రానికే నా కంచం, గ్లాసు వేరైపోయాయి. పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద వచ్చిన మా అత్తగారు జయమణి నన్ను వంటగదిలోకి రావద్దంది. బాత్రూములు మాత్రం నేనే కడగాలి. వాటికి అంటు లేదు కాబోలు.

"ఇది బిడ్డకి తల్లి నుంచే అంటుకుంటుందంట. ఈవిడగారు ఏడాదిపాటు ఇక్కడ ఒక్కతే చదివిందిగా. ఎక్కడ తెచ్చుకుందో!" అంది, నాకు వినబడేలా.

నా భర్త కెన్నీ టీవీ నుంచి తల తిప్పలేదు. "పోన్లే అమ్మా, నేనేం అనుకోవట్లేదు."

క్షమించేశాడు! నేను బాత్రూము తలుపు వేసుకుని, నేల రుద్దుతూ ఆలోచించాను. కంచాల వల్ల రాదంది నర్సు. రక్తం వల్ల, భార్యాభర్తల కలయిక వల్ల వస్తుందట. పుట్టగానే ఇంజెక్షన్లు వేస్తే బిడ్డను చాలావరకు కాపాడుకోవచ్చట. మీ ఆయన్నీ టెస్టుకి తీసుకురమ్మంది. చెబితే కెన్నీ, "నాకెందుకు? షిఫ్ట్ ఉంది," అన్నాడు. నా జీవితంలో మగవాడంటే అతనొక్కడే. మరి నాకెలా వచ్చింది?

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు గుడ్ ఫ్రైడే. కాకినాడలో మా చర్చిలో ఆరాధన అయ్యాక రక్తదాన శిబిరం. నేనిచ్చాను. రక్తం పరీక్షలో ఏమైనా తేలితే కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. అదే చర్చికి వచ్చే కెన్నీ మాత్రం, "ఉపవాసంలో ఉన్నా, కళ్ళు తిరుగుతాయి," అని తప్పుకున్నాడు. కాసేపటికి గోడ వెనక మిరపకాయ బజ్జీలు తింటూ దొరికిపోయాడు. ఎంత నవ్వుకున్నానో!

బ్రష్ అక్కడే వదిలేసి హాల్లోకి వచ్చి టీవీ ఆపేశాను.

"కెన్నీ, ఆ రోజు రక్తం ఎందుకివ్వలేదు? నిజం చెప్పు. బజ్జీల సంగతి నాకు గుర్తుంది."

"అడిగేదానికి సిగ్గుండాలి," అంటూ అత్తగారు లేచింది. "ఒరేయ్, నువ్వు మాట్లాడకు!"

"పుట్టబోయేది నా బిడ్డ. నువ్వు చెప్పకపోతే రేపు నర్సుకి నా అనుమానం నేనే చెబుతాను. ఆ తర్వాత ఈ ఇంటికి రాను."

అతను తల్లి వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"నాకు మా అమ్మ నుంచే వచ్చింది అబిగేల్, పుట్టినప్పుడే. పెళ్ళికి ముందే తెలుసు. నువ్వు టీకా వేయించుకుంటే సరిపోయేదని కూడా డాక్టర్ చెప్పాడు. చెబితే పెళ్ళొద్దంటావని భయపడ్డా. అప్పటికే నీకు కెనడా వీసా వచ్చేసింది... నేను రావాలంటే నీ భర్తగానే రావాలి కదా."