ఫ్రేము దాటిన పదకొండు

రేపల్లె బండిలో కూర్చుని పాత వీడియోలు మళ్లీ చూసుకున్నప్పటి నుంచి శ్రీనిధికి ఒళ్లు మండిపోతూనే ఉంది. తెనాలిలో బండి మారినా, బాపట్లలో దిగినా ఆ మంట తగ్గలేదు. కాలేజీ మెట్లెక్కి నేరుగా ఉమామహేశ్వరరావు గారి గదిలోకి వెళ్లి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టింది. ఆయన లెక్కల ప్రొఫెసరు, ఆమె పీహెచ్‌డీ గైడు. క్యాన్సర్ కణాలు ఎటు, ఎంత వేగంగా కదులుతాయో లెక్కగట్టే సమీకరణాల మీద ఆమెది నాలుగేళ్ల కష్టం. థీసిస్ ఇవ్వడానికి ఈ శుక్రవారమే గడువు.

"సార్, మైక్రోస్కోపు వీడియోల్లో ఫ్రేము దాటిపోయిన కణాలన్నీ లెక్కలోంచి తీసేశామండి. పదకొండు!"

"సగం దారే కనపడితే దాన్నేం చేసుకుంటామమ్మా? అందరూ తీసేస్తారు."

"ఫ్రేము దాటేవి బాగా పరిగెత్తేవే కదండీ! ఆగిపోయినవాటిని లెక్కేసి, క్యాన్సర్ నెమ్మదిగా పాకుతుందని రాశాం. తెనాలి బస్టాండులో మిగిలినవాళ్లను లెక్కపెట్టి, ఈ ఊళ్లో ఎవరూ బస్సెక్కరని చెప్పినట్టుంది!"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తీరుబడి చూసి ఆమెకు ఇంకా మండింది.

"అవి కలిపితే పని మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో ఏడాది. నీకు ఫెలోషిప్పూ అయిపోయింది. ముందు డిగ్రీ తెచ్చుకో, తర్వాత సరిచేద్దువుగాని."

తర్వాత! ఆ మాట ఆమె ఇదివరకే ఒకసారి విన్నది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన అమ్మ నాగేశ్వరమ్మ నడుం నొప్పని ఏడిస్తే, డాక్టరు రొమ్ముకు తీసిన స్కాను చూసి, ఇంకెక్కడికీ పాకలేదు, నడుం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. వెన్నెముక వైపు ఎవరూ చూడనే లేదు. అమ్మ పోయి ఏడు నెలలు.

"ఇవ్వనండి. ఈ థీసిస్ ఇవ్వను."

"నీ ఇష్టం. కానీ నా మీద అరిచే ముందు నీ నోట్సు కూడా చూసుకో."

సంచిలోంచి మొదటి ఏడాది నోట్‌బుక్ లాగింది. పద్ధతి ఆయన చెప్పిందే. ఒక్కో కణాన్నీ చూసి తీసేసింది మాత్రం తనే. పదకొండింటి పక్కనా తన గుండ్రటి చేతిరాతలో ఒకటే మాట: పనికిరాదు.

శ్రీనిధి పెన్ను తీసింది. ఆ మాటను పదకొండు చోట్లా, కాగితం చిరిగేదాకా కొట్టేసింది.